శెనగగింజంత చేపలు

రఘునాథపల్లి,
17 ఆగస్టు 2024

తమ్మి జైపాల్,

ఇకనుంచి నీకు ఫోన్లో మెసేజీలు పెట్టను. పెడితే బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటున్నావు. "తిన్నవా?" అంటే బొటనవేలు. "తలనొప్పి తగ్గిందా?" అంటే బొటనవేలు. మెదడు జ్వరం వచ్చిపోయినప్పటి నుంచి ఫోన్ తెర చూస్తే నీకు కళ్లు తిరుగుతున్నాయని రజిత చెప్పింది కాబట్టి తప్పు పట్టను. మాట్లాడదామంటే నీకు వినిపించదు. వచ్చి చూద్దామంటే మా మామ మంచం మీద ఉన్నాడు, ఆయనను పక్కకు తిప్పాలన్నా నేనే కావాలి. అందుకే కాగితం పట్టాను. అంగన్‌వాడీ పిల్లలకు అన్నాలు పెట్టి, వాళ్లు పడుకున్నాక రాస్తున్నాను. మధ్యలో ఆపితే ఎవడో లేచాడని అనుకో.

తీజ్ పండుగకు నర్సింహులపేట తండాకు పోయి వచ్చాను. మనల్ని కన్న యాడి బాగానే ఉంది. మోకాళ్లు పట్టేసినా గోధుమ మొలకల బుట్టల చుట్టూ ఆడపిల్లలతో కాసేపు ఆడింది. అందరూ నిన్నే అడిగారు. "టిప్పర్ తోల్తలేడట గదా?" అంటే, "సేటు షెడ్డుల సామాన్ల కాడ పని ఇచ్చిండు" అన్నాను. తర్వాత యాడి నన్ను పక్కకు పిలిచింది. "వాడు పెండ్లాన్ని అప్పుడే పుట్టింటికి ఎందుకు తోలిండే? నెలలు కూడ నిండకపాయె. కొట్లాడిన్రా?" అని అడిగింది. మహబూబాబాద్‌లో రజితకు ఫోన్ చేస్తే, "మీ తమ్మున్నే అడుగు వదినా" అంటుంది.

ఇంకో మాట. నీ పక్కింటి ఎల్లేశ్ మీ బావతో ఫోన్లో మాట్లాడుతూ, "జైపాల్ ఇంత పెద్ద గాజుపెట్టె తెచ్చుకున్నడు. అండ్ల నీళ్లు తప్ప ఏం లేవు. దాని ముందటనే కూసుంటుండు" అన్నాడట. మీ బావ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఉత్త నీళ్లలో ఏం చూస్తున్నావు తమ్మి?

ఒక్క పేజీ అయినా సరే, రాయి.

నీ మీదనే మనసు పెట్టుకున్న
అక్క భాగ్య


భూపాలపల్లి,
27 ఆగస్టు 2024

అక్కా,

నీ కవరు షెడ్డుకు వచ్చింది. సేటు దాన్ని చూసి ఏ కోర్టు నోటీసో అనుకుని పరేషాన్ అయ్యాడు. పలక మీద "ఏందిది?" అని రాసి చూపించాడు. ఇక్కడ అందరూ నాతో పలక మీదే మాట్లాడతారు. "మా అక్క" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో తెలియదు, టైర్లు విప్పుతున్నవాళ్లంతా తిరిగి చూశారు.

ఉత్త నీళ్లు కావవి. చేపలను తెచ్చే ముందు నీళ్లను తయారు చేయాలట. హన్మకొండలో అక్వేరియం దుకాణం నడిపే మైసమ్మ అనే ఆమె నాకు ఓపికగా రాసి చెప్పింది. నల్లా నీళ్లు పట్టి ఒక రోజు ఊరికే ఉంచాలి, బ్లీచింగ్ మందు వాసన పోవాలి. తర్వాత పెట్టెలో పోసి, స్పాంజి బిగించిన గాలి మిషన్ నడపాలి. ఆ స్పాంజిలో కంటికి కనపడని మంచి పురుగు పెరుగుతుంది. చేపల పెంటను అదే తిని నీళ్లను బాగు చేస్తుంది. అది పెరగకముందే చేపలను వేస్తే వాటి పెంటతోనే అవి చచ్చిపోతాయి. దానికి నెల పైనే పడుతుంది. నేను కూర్చుని చూసేది అదే. గాలి మిషన్ చప్పుడు నాకు వినిపించదు కదా, గాజు మీద వేలు పెడితే సన్నగా వణుకుతుంది. వణుకుతుంటే నడుస్తున్నట్టు.

నేను తేబోయేవి పఫర్ చేపలు. కేరళ వాగుల్లో పుడతాయట. శెనగగింజంత ఉంటాయి, మహా పెరిగితే బొటనవేలి గోరు కన్నా కొంచెం పెద్దవి. భయపడితే నీళ్లు మింగి బుర్రలా ఉబ్బుతాయి. కళ్లు ఊసరవెల్లివి లాగా ఒక్కొక్కటి ఒక్కో దిక్కు తిరుగుతాయి. నత్తలను కొరికి తింటాయి, లేకపోతే పళ్లు పెరిగి నోరు మూతపడి ఆకలితో చస్తాయి. ఈ జాతి చేపల ఒంట్లో విషం కూడా ఉంటుందట. అందుకే వీటి జోలికి ఏదీ రాదు.

రజిత అక్కడే ఉండనీ. నేను ఆమెను చూసుకోలేను. మేమేమీ కొట్లాడలేదని యాడికి చెప్పు.

అన్నం తింటున్నాను. పెన్నుతో రాస్తే తల తిరగడం లేదు. అది మంచిదే అయింది.

జైపాల్


రఘునాథపల్లి,
6 సెప్టెంబర్ 2024

తమ్మి,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. "వానికి ఏదో ఒక పిచ్చి దొరికింది, మంచిదే" అన్నాడు. నేను మాత్రం ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. విషం అని రాశావు. ఎవరైనా ఇంట్లోకి తెచ్చుకునే వస్తువు గురించి అంత మామూలుగా రాస్తారా?

మా సెంటర్‌కు సూదులు వేయడానికి వచ్చే నర్సమ్మను అడిగాను. ఆమె ఫోన్లో వెతికి చదివింది. ఎక్కడో సముద్రం ఒడ్డున ఎవరో పఫర్ చేప వండుకుని తిని చనిపోయారట. ఆ విషానికి విరుగుడు మందు లేదట. "గిసుంటి చేప ఇంట్ల ఎందుకమ్మా? బంగారు చేపలు లేవా?" అంది. రంగురంగుల చేపలు ఎన్ని లేవు తమ్మి? నీకు ఇవే ఎందుకు కావాల్సి వచ్చాయి?

ఇంకొన్ని నెలల్లో ఇంట్లోకి పసిబిడ్డ వస్తుంది. పాకే పిల్లలు ఏది దొరికితే అది నోట్లో పెడతారు. రోజూ చూస్తున్నదాన్ని, నాకు తెలుసు. నా మాట విని ఆ ఆలోచన మానుకో.

మానవని కూడా తెలుసు. అందుకే మీ బావ అటు పని మీద వస్తుంటే, పొలం కాలువలో ఏరిన నత్తలను డబ్బాలో పోసి పంపిస్తున్నాను. వానలో తడుస్తూ ఏరాను. నీ మీద కోపంతోనే ఏరాను అనుకో.

అన్నం తింటున్నానని రాశావు. ఏం వండుకుంటున్నావో రాయలేదు.

భాగ్య


భూపాలపల్లి,
17 సెప్టెంబర్ 2024

అక్కా,

బావ వచ్చాడు. నత్తల డబ్బా ఆయన ముందే బయట పారబోశాను. ఆయన మొహం చిన్నబోయింది. పొలంలో పత్తికీ వరికీ కొట్టిన మందు కాలువలోకి దిగుతుంది కదా, ఆ నత్తలను తింటే నా చేపలు ఉంటాయా? నేను బకెట్లో వేరే నత్తలు పెంచుతున్నాను. పలక మీద ఇదంతా రాసేలోపే బావ బండి ఎక్కాడు. ఆయనకు చెప్పు.

చేపలు వచ్చాయి. నాలుగు. మైసమ్మ ప్లాస్టిక్ సంచిలో నీళ్లతో సహా ఇచ్చింది. బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చాను. ములుగు దాటాక కుదుపులు ఎక్కువ, గుంత వచ్చినప్పుడల్లా నా ప్రాణం పోయింది. సంచిని పెట్టె నీళ్ల మీద తేలనిచ్చి, వేడి సమానం అయ్యాక మెల్లగా వదిలాను. గడ్డిమొక్కల్లోకి పోయి దాక్కున్నాయి. రెండు రోజులు ఒక్కటీ కనపడలేదు. చచ్చాయేమో అనుకున్నాను. మూడో రోజు నేను చొక్కా వేసుకుంటుంటే గాజు దగ్గరికి వచ్చి నాలుగూ నన్నే చూస్తున్నాయి. ఆకుపచ్చ ఒళ్లు, నల్ల మచ్చలు. ఎటు పోతే కళ్లు అటు తిప్పుతున్నాయి.

విషం గురించి దిగులు పడకు. శెనగగింజంత చేపను వండుకుని ఎవరు తింటారు? పెట్టెకు మూత ఉంది, నా భుజం ఎత్తులో ఉంది.

ఇప్పుడు నాకు ఇంట్లో ఎవరూ లేకపోయినా ఫర్వాలేదు. రజితను కాన్పు అయిన తర్వాత కూడా అక్కడే ఉండమని చెప్పు. ఇక్కడ అంతా సిద్ధమయ్యాక నేనే కబురు చేస్తాను. నా బండి ఎల్లేశ్‌కు ఇచ్చేశాను. నాకు ఇక దాని అవసరం లేదు. యాడిని బాగా చూసుకో, మోకాళ్లకు ఆ నూనె మర్చిపోవద్దు.

జైపాల్


రఘునాథపల్లి,
24 సెప్టెంబర్ 2024

తమ్మి జైపాల్,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. బండి ఎందుకు ఇచ్చేశావు? అది కొన్ననాడు దానికి నిమ్మకాయలు కట్టి తండా అంతా తిప్పావు. ఇంట్లో ఎవరూ లేకపోయినా ఫర్వాలేదు అంటే అర్థమేంటి? దేనికి సిద్ధం? యాడిని చూసుకొమ్మని నాకు ఎందుకు రాశావు? ఎప్పుడూ రాయనివాడివి.

నాకు నేరుగా రాయి. చుట్టూ తిప్పకు. ఈ ఉత్తరం అందిన రోజే రాసి పోస్టు చెయ్యి. సెంటర్‌లో పిల్లల గుడ్లు పొయ్యి మీద మరిచిపోయి మాడబెట్టాను.

ఆ చేపలను మాత్రం వెనక్కి ఇచ్చేయి. నీ కాళ్లు పట్టుకుంటాను.

భాగ్య


భూపాలపల్లి,
8 అక్టోబర్ 2024

అక్కా,

ఇయ్యాల మంచిగ రాసుడు నాతోని కాదు. మాట్లాడినట్టే రాస్తున్న.

బతుకమ్మ పండుగని నీ ఉత్తరానికి జర ఆలస్యంగ జవాబు రాద్దామనుకున్న. గంతల్నే గింత పని చేస్తవా? నిన్న పగటి బువ్వకు ఇంటికొచ్చేసరికి ఎల్లేశ్ నా పెట్టెల చెయ్యి పెట్టిండు. జల్లెడ వలతోని చేపలను పట్టి గాలిల ఎత్తుతుండు. నేను ఒర్రిన. ఏమని ఒర్రిన్నో నాకే తెల్వది. ఆడు భయపడి వల ఇడిసిపెట్టిండు.

నీళ్లల్ల ఉబ్బితె మల్ల నీళ్లు కక్కుకుంటయి అక్కా. గాలిల ఉబ్బితె గాలి మింగుతయి. ఆ గాలి బయిటికి రాదు. ఒకటి కడుపు మీదికి చేసుకొని నీళ్ల మీద బుడగ లెక్క తేలింది. కిందికి పోవాల్నని తోక కొట్టుకుంటది, పోలేదు. నేను నీళ్ల లోపట్నే అరచేతిల పట్టుకొని నిటారుగ కూసోబెట్టిన. మైసమ్మ గట్లనే చెయ్యాలన్నది. గాలి పోలే. నా చేతిలనే పోయింది. ఇంకొకటి పొద్దున్నకు పోయింది.

ఎల్లేశ్‌ను నిలదీస్తె పలక మీద రాసిండు. "మీ అక్క ఫోన్ చేసింది. చెరువుల పోసి రమ్మన్నది. ఏడ్చింది."

నాకు చెవులు పోయినయి, బుద్ధి పోలే. నా ఇంటి తాళం, నేను నమ్మి తాళంచెవి ఇచ్చిన దోస్తుతోని తీపిస్తవా? నన్ను అడిగినవా? నేనేం పిచ్చోన్నా?

ఇగ రాయకు.


రఘునాథపల్లి,
15 అక్టోబర్ 2024

తమ్మి,

రాయవద్దన్నావు. రాస్తున్నాను. చదవకుండా చింపేస్తావేమో, చింపే ముందు ఇది ఒక్కటి చదువు.

ఎల్లేశ్‌కు ఫోన్ చేసింది నేనే. నీ జవాబు రాకపోయేసరికి నాకు ఇంకేం తోచలేదు. ఎల్లేశ్‌ను ఏమీ అనకు, అతను వద్దంటే నేనే బలవంతం చేశాను. చేపలు చనిపోయాయని చదివి నాకు బాధ కలిగింది. కానీ తమ్మి, నేను అబద్ధం చెప్పను, ముందు కలిగింది బాధ కాదు. నువ్వు కోపంతో ఒర్రావని చదివి నాకు ఊపిరి వచ్చింది. కోపం వచ్చినవాడు ఉన్నట్టే అనుకున్నాను.

ఎందుకిలా అనుకున్నానో నీకు తెలియదు. వరంగల్ దవాఖానలో నీకు జ్వరం దిగి తెలివి వచ్చిన రోజు డాక్టర్ కాగితం మీద రాసి చూపించాడు కదా, చెవులు ఇక రావని, మిషన్ పెట్టినా పని చేయదని. అప్పుడు నువ్వు మెల్లగా అన్నానని అనుకుని ఉంటావు. నీ గొంతు నీకు వినిపించక వార్డంతా వినేలా అరిచావు. "నన్ను ఎందుకు బతికించిన్రు?" అన్నావు. పక్క మంచాల వాళ్లు లేచి కూర్చున్నారు. రజిత చెంగు నోట్లో కుక్కుకుంది. యాడి నేల మీద కూలబడింది. ఆ మాట మేం ముగ్గురం నీతో మళ్లీ ఎత్తలేదు. ఎత్తితే నిజమవుతుందని భయం.

అలాంటివాడు పెండ్లాన్ని పంపించాడు. విరుగుడు లేని విషం చేపలు తెచ్చుకున్నాడు. బండి ఎవరికో ఇచ్చాడు. తల్లిని చూసుకొమ్మని రాశాడు. నువ్వు నా జాగాలో ఉంటే ఏం అనుకునేవాడివి?

ఒక్కటే అడుగుతున్నాను. నీకు బతకాలని ఉందా, లేదా? దీనికి బొటనవేలు పంపితే ఒప్పుకోను.

నీ తోడబుట్టిన
భాగ్య


భూపాలపల్లి,
27 అక్టోబర్ 2024

అక్కా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని చాలా రోజులు తిరిగాను. ఆ మాట అంత గట్టిగా అన్నానని నాకు నిజంగా తెలియదు. మనసులో అనుకున్నాననే అనుకున్నాను. యాడి కూడా విన్నదన్నమాట.

నీకు జరిగింది చెప్తాను. జులైలో, వానాకాలం మొదట్లో, రజిత స్నానాల గదిలో జారి పడింది. నన్ను పిలిచింది. నేను పక్క గదిలోనే ఉన్నాను, గోడకు మొహం పెట్టి మేకు కొడుతున్నాను. ఎంతసేపు పిలిచిందో. చివరికి ఎల్లేశ్ భార్య గోడ అవతల నుంచి విని పరుగెత్తుకొచ్చింది. ఆమె నన్ను భుజం పట్టి తిప్పినప్పుడు కూడా నేను నవ్వుతూ "ఏందక్కా?" అన్నాను. దేవుడి దయ, తల్లికీ బిడ్డకూ ఏమీ కాలేదు. రజిత నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఆ రోజు నుంచి నాకు ఒకటే ఆలోచన. పెద్దమనిషి పిలిస్తేనే వినలేనివాడిని, పసిబిడ్డ ఏడుస్తే ఏం చేస్తాను? రజిత బయటికి పోతే, నా ఒక్కడి దగ్గరే బిడ్డ ఉంటే? పాలు గొంతుకు అడ్డం పడితే? బిడ్డ ఎర్రబడి ఏడుస్తుంటే నేను పక్కనే పేపర్ చదువుకుంటూ కనపడేవాడిని కళ్ల ముందు. అందుకే పంపించాను. నాకు భయమేసి పంపించాను. ఆమెకు ఆ సంగతి చెప్పలేదు, చెప్పడానికి సిగ్గు.

చేపల సంగతి ఇదీ. సామాన్ల పని మీద హన్మకొండ పోయినప్పుడు వాన వస్తే మైసమ్మ దుకాణంలో నిలబడ్డాను. వేరే చేపలు తమ పాటికి తాము తిరుగుతున్నాయి. ఇవి మాత్రం గాజుకు అతుక్కుని నన్ను చూశాయి. చేపకు గొంతు లేదు. ఆకలైనా, జ్వరం వచ్చినా, పక్కది కొరికినా చప్పుడు చేయదు. చెవులున్నవాడికీ లేనివాడికీ అది ఒకటే. చూసి తెలుసుకోవాలి, లేకపోతే చస్తుంది. అందులోనూ ఇవి చాలా నాజూకువట, కొత్తవాళ్ల దగ్గర బతకవని మైసమ్మ ఇవ్వనంది. "గోల్డ్ ఫిష్ తీస్కపో అన్న" అని రాసింది. నేను ఇవే కావాలన్నాను. వీటిని కళ్లతోనే బతికించగలిగితే, బిడ్డను కూడా సాకగలనేమో అనుకున్నాను. అప్పుడు కబురు చేద్దామనుకున్నాను. సిద్ధం అన్నది దానికి.

ఇప్పుడు నాకు తెలుస్తుంది అక్కా. తోక ఒక పక్కకు ముడుచుకుంటే ఒంట్లో బాగాలేదని. రంగు నల్లబడితే భయపడిందని. కడుపు లోపలికి పోతే పక్కది మేత దొరకనివ్వడం లేదని. గాజు వెంట కిందికీ పైకీ ఒకటే తిరుగుతుంటే నీళ్లు మార్చాలని. మొదట్లో అన్నీ ఒక్కలాగే కనపడేవి. ఇప్పుడు దేని మొహం దానిదే.

బండి ఇచ్చేసింది హారన్ వినిపించదని. అంతకు ముందు రోజే ఒక బొగ్గు టిప్పర్ నన్ను రాసుకుంటూ పోయింది. నేను కూడా ఆ సీట్లో కూర్చున్నవాడినే కదా, ఆ డ్రైవర్ ఎంత వణికి ఉంటాడో నాకు తెలుసు.

నీ ప్రశ్నకు జవాబు. ఆ రోజు దవాఖానలో అన్నది నిజంగానే అన్నాను. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు అట్లాగే ఉంది. ఇప్పుడు పొద్దున లేస్తూనే పెట్టె దగ్గరికి పోతున్నాను, మిగిలిన రెండూ ఉన్నాయా అని. ఉంటే రోజు నడుస్తుంది. బతకాలనే ఉంది. భయం మాత్రం పోలేదు. నాలుగింట్లో రెండు పోయాయి. నువ్వు చంపలేదు, ఎల్లేశ్ చంపలేదు. ఇంటి తలుపు తీసిన సంగతి నాకు తెలియనే లేదు, నేను ఊరికే అన్నానికి వచ్చాను కాబట్టి రెండయినా మిగిలాయి. అదే నన్ను తింటోంది.

రజితకు ఇవేమీ చెప్పకు.

జైపాల్


మహబూబాబాద్,
21 నవంబర్ 2024

తమ్మి,

ఇది ఎల్లేశ్ చేతికి ఇచ్చి పంపుతున్నాను. బిడ్డను చూడడానికి అతనూ భార్యా వచ్చారు. నువ్వు రాలేదు. ఆడపిల్ల పుట్టిందని శనివారం నాడు మెసేజ్ పెడితే, తమ్మి, బొటనవేలు పంపావు. రజిత ఆ ఫోన్ చూసి గోడ వైపు తిరిగి పడుకుంది.

మా ఆడబిడ్డను మామ దగ్గర ఉంచి నేను వచ్చాను. కాన్పు మామూలుగానే అయింది. కానీ బిడ్డకు పసిరికలు, అదే కామెర్లు, ఎక్కువగా ఉన్నాయని నిన్నటి నుంచి నీలం లైటు కింద పెట్టారు. కళ్లకు గంతలు కట్టి, ఒంటి మీద గుడ్డ లేకుండా, గాజు తొట్టిలో పడుకోబెట్టారు. పాలకు తప్ప ఎత్తుకోనివ్వడం లేదు. భయం లేదని డాక్టర్ అంటున్నాడు. భయం లేదన్న దగ్గర నాకు ఇంకా భయం.

రజిత ఏమనుకుంటుందో నీకు తెలుసా? నీకు బిడ్డ వద్దని, తానూ వద్దని, అందుకే నెలలు నిండకముందే పంపించావని. ఆడపిల్ల అని తెలిశాక అసలే రావని. నాలుగు నెలలుగా ఇది మనసులో పెట్టుకుని ఉంది. నువ్వు చెప్పవద్దన్నావు. నేను చెప్పాను. ఇంకోసారి నీ మాట కాదన్నాను, ఎంత తిట్టుకుంటావో తిట్టుకో.

అంతా విని లేచి కూర్చుంది. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"నేను జారి పడ్డప్పుడు పిలిచింది ఆయనకు ఇనపడదని యాద్ మరిసి పిలిచిన వదినా. అది నా పొరపాటు, ఆయనది కాదు. నేనేమన్న ఆయన చెవులను జూసి పెండ్లి చేస్కున్ననా? చేపలతోని పరీక్ష రాస్తుండా? బిడ్డను సాకుడు ఎవలకు ముందుగాల వస్తది? నాకొచ్చా? జెర్రంత పిల్లను ఎత్తుకోవాల్నంటె నా చేతులు గుడ వణుకుతున్నయి. రమ్మను. ఇద్దరం వణుకుదాం."

అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. దవాఖాన ఆయమ్మ వచ్చి మమ్మల్ని కోప్పడింది.

ఎల్లేశ్ రేపు పొద్దున నిన్ను బస్సు ఎక్కిస్తానన్నాడు. చేపలకు మేత ఎట్లా వేయాలో అతనికి పలక మీద రాసి ఇచ్చి రా. ఈసారి చెయ్యి పెట్టడు, ఒట్టు వేసి చెప్పాడు.

భాగ్య


భూపాలపల్లి,
9 మార్చి 2025

అక్కకు,

దవాఖాన సంగతి నీ కళ్ల ముందే జరిగింది కాబట్టి మళ్లీ రాయను. నీకు తెలియనిది ఒక్కటి. గాజు తొట్టి ముందు నేను కదలకుండా నిలబడ్డానని నర్సులు నవ్వారు కదా. నేను బిడ్డ డొక్కలను చూస్తున్నాను. ఎగసి పడుతున్నాయి. ఎగసి పడినంతసేపు నేనూ ఊపిరి తీసుకున్నాను.

రజితా బిడ్డా ఇక్కడికి వచ్చి మూడు వారాలు అవుతోంది. మొదటి వారం బాగా జరగలేదు. అబద్ధం రాయను. రజిత నీళ్ల కోసం బయటికి పోయింది. బిడ్డ ఉయ్యాలలో నిద్రపోతోంది. నేను అటు వీపు తిప్పి బియ్యం ఏరుతున్నాను. తిరిగి చూసేసరికి పిల్ల నల్లగా కమిలిపోయి, పిడికిళ్లు బిగించి, ఊపిరి పట్టి ఏడుస్తోంది. ఎప్పటి నుంచి ఏడుస్తోందో తెలియదు. రజిత బిందె అక్కడే పడేసి వచ్చింది. నాకు మళ్లీ పాత ఆలోచనే వచ్చింది, వీళ్లను పంపించేద్దామని. సంచి కూడా దించాను. రజిత ఆ సంచి నా చేతిలోంచి తీసుకుని, అందులో ఉల్లిగడ్డలు పోసి మూలకు పెట్టింది. పలక తీసుకుని "వీపు తిప్పకు. అంతే." అని రాసింది.

అప్పటి నుంచి ఇంట్లో వస్తువులన్నీ జాగాలు మారాయి. పొయ్యి అటు గోడ నుంచి ఇటు గోడకు వచ్చింది. ఉయ్యాల నడిగదిలోకి వచ్చింది. నేను ఎక్కడ కూర్చున్నా బిడ్డ మొహం కనపడుతుంది. చేపలపెట్టెను లోపలి గదిలోకి మార్చాం. దానికి నేను, ఎల్లేశ్ సగం నీళ్లు తోడి, చేపలను నీళ్లతో సహా గిన్నెలో ముంచి తీశాం. "పైకి లేపకు, పైకి లేపకు" అని నేను అరుస్తుంటే, "నువ్వు ఒర్రకు, గది దాటి ఇనొస్తుంది" అని నోరు తిప్పి చెప్పాడు; పెదాలు చూసి చదవడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. రెండూ బాగున్నాయి. రజితకు వాటి మీద పెద్ద ఇష్టమేమీ లేదు. నత్తల బకెట్ వాసన వస్తుందంటుంది. మూత మీద ఇటుక పెట్టించింది, నీ మాటే, పిల్ల పాకే నాటికి అని.

నిన్నటి సంగతి రాయడానికే ఈ కాగితం తీశాను. పొద్దున పది గంటలప్పుడు రజిత వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. నేను ఉయ్యాల దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నాను. పిల్ల నిద్రపోతోంది. మొదట కనురెప్పల కింద గుడ్లు కదిలాయి. తర్వాత ఒక కాలి బొటనవేలు విడివడింది. కింది పెదవి కొంచెం ముందుకు వచ్చి వణికింది. గడ్డం మీద సన్నగా గుంటలు పడ్డాయి. నేను గిన్నె పక్కన పెట్టి పిల్లను ఎత్తుకుని భుజాన వేసుకున్నాను. మెడ దగ్గర వెచ్చగా ఊపిరి తగిలింది. పెదవి మళ్లీ వెనక్కి పోయింది.

రజిత బకెట్‌తో లోపలికి వచ్చి చూసింది. ఆమె పెదాలు చూసి చదివాను.

"నిద్రపోయే పిల్లను ఎందుకు ఎత్తుకున్నవయ్యా?"

"ఏడుస్తది" అన్నాను.

"ఏడ్వలే గదా! నాకు ఇనపడలే."

"ఏడ్వలే. ఏడ్వబోయింది."

రజిత బకెట్ కింద పెట్టింది. నన్ను చూసింది, పిల్లను చూసింది. తర్వాత పలక కోసం వెతకలేదు. దగ్గరికి వచ్చి నాకు ఎదురుగా నిలబడి, నేను ఒక్కో మాటా చదువుకునేలా మెల్లగా అంది.

"నేను అంగడికి పోయొస్త. పిల్ల నీ దగ్గర్నే ఉండనీ."

పోయింది అక్కా. తలుపు దగ్గర వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

జైపాల్